430 లీటర్ల పాలకు 131 యూనిట్ల కరెంటు: ఒక గేదెల ఫారం కేస్ స్టడీ

పల్నాడు ప్రాంతంలోని ఒక డెయిరీ ఫారం కేసు ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేను ఎనర్జీ ఆడిటర్‌ని, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చెప్పడం నా పని. ఎక్కువగా గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు చూస్తుంటాను. పశువులున్న చోట పనిచేయడం నాకు కొత్త. ఆ కొత్తదనం వల్ల ఈ కేసులో ఒక తప్పు చేశాను. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదనే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

నేపథ్యం

యజమానికి నలభై అయిదేళ్లుంటాయి. మిర్చిలో వరసగా రెండేళ్లు దెబ్బతిన్నాక పాడిలోకి దిగాడు. నేను వెళ్లేనాటికి చిన్నా పెద్దా కలిపి 85 పశువులున్నాయి. పాలిచ్చేవి 48. వాటిలో ముప్పాతిక వంతు ముర్రా గేదెలు, మిగతావి జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర ఆవులు. రెండు పూటలా కలిపి రోజుకు 430 లీటర్లు వస్తాయి. కంపెనీ ట్యాంకరు రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చి, ముందు రోజు సాయంత్రం పాలు, ఆ పొద్దుటి పాలు కలిపి తీసుకెళ్తుంది.

పాలు పితకడానికి నాలుగు క్లస్టర్ల (పశువు పొదుగుకు తగిలించే గొట్టాల గుత్తుల) మెషీన్, వెయ్యి లీటర్ల బల్క్ కూలర్ (పాలను చల్లబరిచి నిల్వ ఉంచే ట్యాంకు), చాఫ్ కట్టర్ (గడ్డి నరికే యంత్రం), పది పెద్ద ఫ్యాన్లు, ఫాగర్లు (సన్నటి తుంపర చల్లేవి), మెషీన్ కడగడానికి రెండు గీజర్లు, 3 హెచ్.పి. బోరు మోటారు, 25 కె.వి.ఎ. జనరేటర్ ఉన్నాయి. బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు షెడ్డు పక్క గదిలోనే ఉంటారు. లెక్కలన్నీ యజమాని భార్యవి. ఏ పూట ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. (కొవ్వు కాని ఘన పదార్థాలు) ఎంత, ఏ గేదె ఈనింది, ఏది వట్టిపోయింది, అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాస్తుంది. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఆ పుస్తకమే.

వచ్చిన సమస్య

నన్ను పిలిచింది సోలార్ కోసం. మే రెండో వారం. 20 కిలోవాట్లకు ఒకరు కొటేషన్ ఇచ్చి వెళ్లారు. "ఇరవై చాలుద్దా సార్, పాతిక వేయించమంటారా?" అని యజమాని అడిగాడు.

బిల్లు నెలకు 3,900 యూనిట్ల పైన వస్తోంది. యూనిట్ ఏడు రూపాయల లెక్కన ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వేలు. డీజిల్ ఇంకో తొమ్మిదిన్నర వేలు. కానీ ఆయన బాధ మాటల్లో బయటపడింది వేరే చోట. ఏప్రిల్లో మూడుసార్లు సాయంత్రం పాలు పులిశాయని వెనక్కి పంపారు. ఒక్కోసారి రెండు వందల లీటర్లకు పైగా పారబోశారు. సాయంత్రం ఆరు దాటాక కూలర్ కంప్రెసర్ ట్రిప్ అవుతోంది, కాసేపాగి మళ్లీ వేస్తే నడుస్తోంది, మళ్లీ ట్రిప్. మెకానిక్ వచ్చి ఆ వేసవిలో మూడుసార్లు గ్యాస్ నింపాడు.

నేను మొదట తీసుకున్న నిర్ణయం సోలార్ లెక్క పక్కన పెట్టడం. సోలార్ వేస్తే బిల్లు తగ్గుతుంది, పాలు పులియడం ఆగదు. పైగా మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. వృథాగా పోతున్న కరెంటుకు కూడా ప్యానెళ్లు కొనడమంటే చిల్లుకుండ నింపడానికి పెద్ద బోరు వేయించడం లాంటిది. "ఒక్క నెల ఆగండి, ముందు కరెంటు ఎటు పోతోందో చూద్దాం" అన్నాను. ఆయనకు నచ్చలేదు. పక్కనే ఉన్న ఆయన భార్య మాత్రం, "నెలకేముంది అన్నయ్యగారూ, చూడండి" అంది.

కొలతలు

బిల్లు ఎంత అన్నది కాక, లీటరు పాలకు ఎన్ని యూనిట్లు అన్నదే చూడాలని నిర్ణయించుకున్నాను. పశువులు పెరిగితే బిల్లు పెరుగుతుంది, అది తప్పు కాదు. లీటరుకు యూనిట్లు పెరిగితే తప్పు ఎక్కడో ఉన్నట్టు.

మూడు రోజులు ఫారంలోనే ఉండి టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), రెండు సబ్ మీటర్లు పెట్టి కొలిచాను. రోజుకు ఫ్యాన్లు 61 యూనిట్లు, బల్క్ కూలర్ 23, బోరు 15, గీజర్లు 10, పాల మెషీన్ వాక్యూమ్ పంపు 8, చాఫ్ కట్టర్ ఏడున్నర, ఫాగర్ల పంపు 3, లైట్లూ చిల్లర మల్లరా కలిపి 4. మొత్తం 131 యూనిట్ల పైచిలుకు. లీటరు పాలకు 0.3 యూనిట్లు దాటుతోంది.

ఈ పట్టీ చూడగానే ఎవరికైనా చేయి ఫ్యాన్ల మీదికి పోతుంది. సగం కరెంటు అక్కడే ఉంది మరి. నేను మాత్రం కూలర్‌తో మొదలుపెట్టాను. కారణం ఒక చిన్న లెక్క.

430 లీటర్ల పాలను పొదుగు వేడి నుంచి 4 డిగ్రీలకు దించాలంటే అందులోంచి తీయాల్సిన వేడి, కరెంటు యూనిట్లలోనే చెప్తే, 15 యూనిట్ల పైన. శుభ్రంగా ఉన్న కూలింగ్ యూనిట్ ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే 6 యూనిట్లు చాలు. ట్యాంకులోకి చొరబడే వేడి, పాలు కలియబెట్టే మోటారు, పల్నాడు ఎండ అన్నీ కలిపినా 9 దాటకూడదు. మీటరు 23 చూపిస్తోంది. ఫ్యాన్లు ఎక్కువ తింటున్నాయి, కానీ వాటికి ఎంత అవసరమో నాకు అప్పటికి తెలియదు. కూలర్‌కు ఎంత అవసరమో తెలుసు, ఎంత తింటోందో తెలుసు. తేడా కళ్లముందు ఉంది. పాలు పులిసేదీ అక్కడే.

అంతకుముందు చేసి చూసినవి

గ్యాస్ నింపడం గురించి చెప్పాను. మూడుసార్లు నింపినా లీకు ఎక్కడుందో ఒక్కసారీ వెతకలేదు. మూడోసారి నింపేసరికి గ్యాస్ అవసరానికి మించింది. దాంతో ప్రెషర్ ఇంకా పెరిగింది. సాయంత్రం ఆరింటికి హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే గ్యాస్ ఒత్తిడి) 360 పి.ఎస్.ఐ. చూపించింది. ఆర్-22 గ్యాస్‌కు ఆ ప్రెషర్ దగ్గర కండెన్సర్ (పాల నుంచి తీసిన వేడిని గాలిలోకి వదిలే భాగం) 62 డిగ్రీల మీద నడుస్తున్నట్టు. ట్రిప్ అవడం కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడమే.

రెండోది ప్లేట్ కూలర్. పాలు ట్యాంకులోకి వెళ్లే ముందు బోరు నీళ్లతో కొంత చల్లబరిచే పరికరం అది. కరెంటు సగం ఆదా అవుతుందని ఎవరో చెబితే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. యూరప్‌లో చలి దేశాల్లో బావి నీళ్లు 10, 12 డిగ్రీలుంటాయి. అక్కడ ఆ పరికరం నిజంగానే సగం పని చేసిపెడుతుంది. ఇక్కడ బోరులోంచి వచ్చేటప్పుడే నీళ్లు 30 డిగ్రీలు. పైగా ఆయన పైపు కలిపింది షెడ్డు మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి. సాయంత్రం అయిదున్నరకి ఆ నీళ్లలో థర్మామీటర్ పెడితే 41 డిగ్రీలు. 35 డిగ్రీల పాలు లోపలికి పోయి 37 అయి బయటికొస్తున్నాయి. నెలల తరబడి పాలను చల్లబరుస్తున్నామనుకుంటూ వేడి చేస్తున్నారు. ఇది చూపించినప్పుడు యజమాని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బోరు నుంచి నేరుగా కలిపితే? లెక్క వేశాం. పాలు 35 నుంచి 32 కి దిగుతాయి. తీయాల్సిన వేడిలో పదో వంతు తగ్గుతుంది. కూలర్ బాగుపడ్డాక అది అరయూనిట్ కరెంటు ఆదా. నీళ్లు తోడడానికి దాదాపు అంతే అవుతుంది. పైగా ఆ ప్లేట్లు రోజూ శుభ్రంగా కడగాలి. కడగకపోతే పాలకు అదే పెద్ద ముప్పు. తీసేయమన్నాను. పుస్తకాల్లో ఉన్న మంచి సలహా మన నీళ్ల దగ్గర ఎలా వీగిపోతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

కూలర్‌కు ఊపిరాడేలా చేయడం

కూలర్ కండెన్సర్ పాల గదిలోనే ఉంది. గదికి మూడు వైపులా గోడలు, పడమటి వైపు చిన్న కిటికీ. బయట నీడలో 43 డిగ్రీలున్నప్పుడు గది లోపల 49. కండెన్సర్ తోసిన వేడి గాలి గోడకు కొట్టుకుని మళ్లీ దాంట్లోకే వస్తోంది. పైగా చాఫ్ కట్టర్ ఆ కిటికీకి పదడుగుల దూరంలో ఉంది. గడ్డి పొట్టు, దుమ్ము కండెన్సర్ రెక్కల మధ్య దూదిలా పేరుకుపోయాయి. వేలితో గీస్తే పొరగా ఊడొచ్చింది.

ఇక్కడ రెండు దారులున్నాయి. గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టడం ఒకటి, కండెన్సర్‌ను ఉత్తరపు గోడ బయటికి మార్చడం రెండోది. ఎగ్జాస్ట్ చవక, ఒక్క రోజులో అయిపోతుంది. కానీ అది రోజూ కరెంటు తింటుంది, పాల గదిలోకి దుమ్ము లాగుతుంది. మార్చడానికి పైపులు, గ్యాస్, మనిషి కూలీ కలిపి 18,500 అయింది. మార్చడానికే మొగ్గు చూపాను. ఎలాగూ ఎక్కువైన గ్యాస్ తీసేసి, లీకు మూసి, తూకం ప్రకారం మళ్లీ నింపాలి. ఆ పనితో పాటే ఇదీ అయిపోతుంది. లీకు గ్యాస్ పైపుల జాయింటు బిగించే ఒక ఫ్లేర్ నట్ దగ్గర దొరికింది, సబ్బు నురగతో. పైన తాటాకుల పందిరి వేశారు. చాఫ్ కట్టర్‌ను గాలికి అవతలి వైపుకి జరిపారు.

ఇంకో లోపం అనుకోకుండా బయటపడింది. కూలర్ డిస్‌ప్లే 4 డిగ్రీలు చూపిస్తున్నా ట్యాంకు అడుగున మంచు పలక కడుతోంది. సెన్సర్‌ను తీసి కరుగుతున్న ఐసు ముక్కల గిన్నెలో పెడితే సున్నా చూపించాలి. బాగానే చూపించింది. అంటే సెన్సర్ మంచిదే, అది కూర్చోవాల్సిన గొట్టంలో వదులై గాలిలో వేలాడుతోంది. అసలు చలి దానికి తెలియడం లేదు. అందుకే కంప్రెసర్ అవసరం తీరాక కూడా నడుస్తూనే ఉంది. వేడి అందించే పేస్టు రాసి గట్టిగా కూర్చోబెట్టాం. వంద రూపాయల పని.

వారం తర్వాత హెడ్ ప్రెషర్ 280, అంటే కండెన్సర్ 52 డిగ్రీలు. ట్రిప్పులు ఆగిపోయాయి. కూలర్ వాడకం 23 నుంచి పన్నెండున్నరకి వచ్చింది. నేను లెక్కవేసిన 9 కి రాలేదు. ట్యాంకు వెయ్యి లీటర్లది, పాలు దాంట్లో సగానికీ రావు. ఆ ఖాళీ డొల్లను చల్లగా ఉంచే ఖర్చు ఎటూ తప్పదు. కొత్త ట్యాంకు కొనేంత నష్టం కాదు కాబట్టి అక్కడితో వదిలేశాం.

మూడు ఫేజులూ ఒకేలా లేవని కూడా అప్పుడే కనిపించింది. 372, 398, 405 వోల్టులు. వోల్టేజీలో ఒక్క శాతం తేడా ఉంటే మోటారు కరెంటులో ఆరు నుంచి పది శాతం దాకా తేడా వస్తుంది. ఇక్కడ అయిదు శాతం ఉంది. లైన్‌మన్‌ని అడుగుదాం అనుకుంటుండగా, తప్పు మన మీటరుకు ఇటువైపే ఉందని తేలింది. రెండు గీజర్లు, ఆరు ఫ్యాన్లు ఒకే ఫేజ్ మీద ఉన్నాయి. ఆ ఫేజ్‌లో మెయిన్ స్విచ్ దగ్గరి జాయింటు వదులై నల్లగా మాడింది. పక్కనే ఎండుగడ్డి వాము ఉంది. కరెంటు ఆదా సంగతి ఎలా ఉన్నా, ఆ జాయింటు ఆ రోజే మార్పించాను. లోడు మూడు ఫేజులకూ పంచాక తేడా రెండు శాతం లోపుకి దిగింది.

నేను చేసిన తప్పు

ఇక ఫ్యాన్లు. పది ఫ్యాన్లు, ఒక్కోటి 380 వాట్లు, రోజుకు పదహారు గంటలు. రాత్రి పన్నెండు దాటాక బయట 30 డిగ్రీలకు దిగుతున్నా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసిన నా కంటికి అది నేరుగా వృథాలా కనిపించింది. థర్మోస్టాట్ పెట్టించి, 31 డిగ్రీల కంటే తగ్గితే ఫ్యాన్లు ఆగేలా చేశాను. రోజుకు 15 యూనిట్లు తగ్గాయి. నూరు రూపాయల పైన. ఆ మాట యజమానికి గర్వంగానే చెప్పాను.

అయిదో రోజు ఆయన భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పాలు తగ్గుతున్నాయండి. మొదటి రెండ్రోజులు ఏం లేదు, మూడో రోజు నుంచి పడుతున్నాయి. నిన్న 402."

ఇరవై ఎనిమిది లీటర్లు. లీటరుకు సగటున యాభై రూపాయలు వేసినా పద్నాలుగు వందలు. నూరు రూపాయల కరెంటు మిగిల్చి రోజుకు పద్నాలుగు వందలు పోగొట్టాను.

ఆ రాత్రే వెళ్లాను. పదకొండున్నరకి షెడ్డులో నిలబడితే నాకు ఒంటికి హాయిగానే ఉంది. గేదెలకు లేదు. నోళ్లు తెరిచి, మెడలు చాచి నిలబడి ఉన్నాయి, పడుకున్నవి చాలా తక్కువ. బీహార్ కుర్రాళ్లలో పెద్దవాడు నా చేయి పట్టుకుని ఒక గేదె డొక్క చూపించాడు. డొక్క ఎన్నిసార్లు ఎగిరిపడుతోందో వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 72. తర్వాత ఇంకో పదింటికి లెక్కపెట్టాను. అన్నీ అరవై పైనే. అరవై దాటితే పశువు వేడి తట్టుకోలేకపోతున్నట్టని అక్కడి పశువైద్యుడు తర్వాత చెప్పాడు.

నేను మరిచిపోయిందేమిటంటే, పశువు గది కాదు. గదిలో మిర్చి బస్తాకు తనదంటూ వేడి లేదు. గేదె పగలంతా ఎండ వేడిని, తన కడుపులో మేత అరిగే వేడిని ఒంట్లో దాచుకుంటుంది. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఆ దాచుకున్నదంతా బయటికి వదిలేది రాత్రి చల్లగాలికే. నేను సరిగ్గా ఆ వేళకే గాలి ఆపేశాను. వేడి వదలని గేదె మేత తగ్గిస్తుంది, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పాలు తగ్గిస్తుంది. అందుకే మొదటి రెండ్రోజులు నాకు తప్పు కనబడలేదు.

థర్మోస్టాట్ ఆ రాత్రే పీకేశాం. పాలు మళ్లీ 425 దాటడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ నష్టం నా ఫీజులో తగ్గించుకోమన్నాను. ఆయన ఒప్పుకోలేదు, "పాఠం ఇద్దరిదీ సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఫ్యాన్లను మళ్లీ చూడటం

ఆ తర్వాత ప్రశ్న మార్చుకున్నాను. ఫ్యాన్లు ఎంతసేపు ఆపొచ్చు అని కాకుండా, తిరుగుతున్న ఫ్యాన్ల గాలి గేదె వీపుకు తగులుతోందా అని అడిగాను. తగలడం లేదు. ఫ్యాన్లు పదకొండు అడుగుల ఎత్తులో నిటారుగా బిగించి ఉన్నాయి. గేదె వీపు దగ్గర గాలి వేగం సెకనుకు 0.6 మీటర్లు. రెండు మీటర్ల దాకా ఉంటే గాని ఒంటి వేడి లాగదు. ఎనిమిదడుగులకు దించి, కిందికి వంచి, రెక్కల మీది దుమ్ము కడిగి, మూడు ఫ్యాన్లు ఆపి చూశాం. ఏడు ఫ్యాన్లతోనే చాలా చోట్ల 1.8 వచ్చింది. ఆరు వేల ఖర్చు. వాటిని రాత్రి కూడా ఆపకుండా, ఇంతకుముందు కంటే రెండు గంటలు ఎక్కువే నడిపినా రోజుకు 48 యూనిట్లు. నేను మొదట అనుకున్నంత ఆదా కాకపోయినా ఇది గేదెను ఇబ్బంది పెట్టని ఆదా.

ఫాగర్ల సంగతీ అంతే. మధ్యాహ్నం పొడి ఎండలో సన్నటి తుంపర బాగా పనిచేస్తుంది. సాయంత్రం గాలి ఆగాక అదే తుంపర షెడ్డును ఆవిరి గదిలా చేస్తుంది. సాయంత్రానికి లావు చినుకుల స్ప్రింక్లర్ పెట్టాం. ఒళ్లు తడిపి, తర్వాత ఫ్యాన్ గాలికి ఆరనివ్వడం. నీళ్లు కొంచెం ఎక్కువ పడతాయి, తేడా మాత్రం డొక్కల్లో కనిపిస్తుంది.

రేకుల కప్పుకు పిడుగురాళ్ల సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేశారు, తొమ్మిది వేలతో. మధ్యాహ్నం రెండింటికి రేకు అడుగున 58 డిగ్రీలుండేది, 45 కి దిగింది. ఈ ఫారంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని ఇదే. తిరిగే భాగం ఒక్కటీ లేదు. ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి, అంతే.

వేడి నీళ్లు, జనరేటర్, మిగతావి

గీజర్ల బదులు సోలార్ వాటర్ హీటర్ అనుకున్నాం. కానీ పల్నాడు సున్నపురాతి నేల. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. గీజర్ కాయిల్ మీద వేలు మందాన తెల్లటి చిట్టెం కట్టి ఉంది. ఆ నీళ్లు హీటర్ గొట్టాల్లో రెండేళ్లు కూడా సాఫీగా పోవు. పెరట్లో ఆరేళ్లుగా వాడని రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. దానికి రోజూ యాభై కిలోల పేడ చాలు, ఇక్కడ టన్నుకు దగ్గరగా వస్తోంది. పద్నాలుగు వేలతో డోము పగుళ్లు పూడ్పించి, పొయ్యి కొత్తది పెట్టించారు. వెడల్పు గిన్నెలో నీళ్లు కాగుతాయి. చిట్టెం కడితే గీకేయొచ్చు. గీజర్లు ఇప్పుడు అత్యవసరానికే.

పాల మెషీన్‌కు వి.ఎఫ్.డి. (అవసరాన్ని బట్టి మోటారు వేగం తగ్గించే పరికరం) పెట్టమని ఇంకో కొటేషన్ ఉంది. వద్దన్నాను. పంపు మొత్తం వాడకమే 8 యూనిట్లు. సగం మిగిలినా రోజుకు పాతిక, ముప్పై రూపాయలు. అసలు రోగం పశువు చనులకు తొడిగే లైనర్లలో ఉంది. రబ్బరు లైనర్‌కు ఆయుష్షు సుమారు 2,500 పితుకులు. ఇక్కడ ఒక్కో క్లస్టర్ రోజుకు 24 పశువుల్ని పితుకుతుంది. అంటే మూడున్నర నెలలకోసారి మార్చాలి. వీళ్లు ఏడాది దాటినా మార్చలేదు. పదహారు లైనర్లకు 4,800. పితికే సమయం పూటకు రెండున్నర గంటల నుంచి గంటా యాభై నిమిషాలకు తగ్గింది. పంపు కరెంటు కంటే, పాలు త్వరగా కూలర్‌లో పడటం పెద్ద లాభం.

జనరేటర్ విషయంలో పైసా ఖర్చు లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ కూలర్ కోసం 25 కె.వి.ఎ. జనరేటర్ వేస్తున్నారు. నాలుగు కిలోవాట్ల లోడు మీద అది లీటరు డీజిల్‌కు 1.8 యూనిట్లే ఇస్తోంది. యూనిట్ యాభై రూపాయల పైన పడుతోంది. కూలర్ ఆపి ట్యాంకులో థర్మామీటర్ పెట్టి చూశాం. ఒకసారి 4 డిగ్రీలకు చేరిన పాలు మూడు గంటల్లో ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. కాబట్టి పాలు పితుకుతున్నప్పుడు, ఆ తర్వాత రెండు గంటల్లోపు కరెంటు పోతేనే జనరేటర్ వేయాలని గోడ మీద హిందీలో, తెలుగులో రాసిపెట్టాం. నెలకు వంద లీటర్ల డీజిల్ ముప్పైకి వచ్చింది.

బోరుకు ఫ్లోట్ స్విచ్, చాఫ్ కట్టర్ కత్తులకు పదును. వీటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, చేయాల్సినవే చేశాం.

ఏడాది తర్వాత

మే నెలను మే నెలతోనే పోల్చాలి. డిసెంబరు బిల్లు చూపించి ఆదా అయిందనడం మోసం. తర్వాతి మే రెండో వారంలో మళ్లీ మూడు రోజులుండి కొలిచాను. రోజుకు 86 యూనిట్ల పైచిలుకు, పాలు 452 లీటర్లు. లీటరుకు 0.19 యూనిట్లు. కరెంటు, డీజిల్ కలిపి ఆ నెలలో పదహారు వేల దాకా మిగిలింది. మొత్తం పెట్టుబడి వైరింగుకైన పదకొండు వేలతో కలిపి 66 వేల లోపు. ఆ వేసవిలో పాలు ఒక్కసారే వెనక్కొచ్చాయి, గాలివానకు స్తంభాలు పడి రెండ్రోజులు కరెంటు లేనప్పుడు.

పాలు పెరగడం మొత్తం మా పని వల్లే అని చెప్పలేను. ఆ ఏడు ఈనిన గేదెలు ఎక్కువ, సూపర్ నేపియర్ గడ్డి కొత్తగా వేశారు. కానీ వేసవిలో పాలు పడిపోయే తీరు మాత్రం స్పష్టంగా మారింది. పుస్తకంలో రెండు మే నెలలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

నా పని పద్ధతిలో రెండు మార్పులొచ్చాయి. పశువులున్న చోట ఏ మార్పు చేసినా ఫలితం చూడటానికి కనీసం వారం ఆగుతున్నాను, ఆ వారమంతా పాల పుస్తకం ఫోటో రోజూ తెప్పించుకుంటున్నాను. యంత్రాల కొలతలు రాసే పట్టీలో రాత్రి డొక్కల లెక్కకు ఒక గడి కలిపాను. ఆ ఫారంలోనూ ఆమె పుస్తకంలో ఆ గడి ఉంది. "ఊపిరి" అని పేరు పెట్టింది. వేసవిలో రోజూ రాత్రి తొమ్మిదింటికి అయిదు గేదెలకు లెక్కపెట్టి, యాభై దాటితే స్ప్రింక్లర్ ఇంకో విడత వేయిస్తుంది.

ఆపిన మూడు ఫ్యాన్లను అమ్మొద్దని చెప్పాను, తిరిగేవి పాడైతే పనికొస్తాయి. సోలార్ మళ్లీ చర్చకొచ్చింది. ఈసారి కొటేషన్ 10 కిలోవాట్లకు, పగటి ఫ్యాన్లు, చాఫ్ కట్టర్, బోరు చూసి వేసినది. యజమాని బ్యాంకు లోన్ కాగితాలు తయారు చేసుకుంటున్నాడు. ప్యానెళ్లను షెడ్డు రేకుల మీదే, కింద జానెడు గాలి సందు వదిలి బిగించమన్నాను. ఆ నీడకు రేకు ఇంకెంత చల్లబడుతుందో వచ్చే మేలో వెళ్లి కొలవాలి.